దుప్పటి రెండో కొస

ప్రియమైన తాళాల మేస్త్రీగారికి,

క్షేమంగా చేరాను. ఫోన్ చేస్తే మనం పోట్లాడుకోవడం తప్ప మాట్లాడుకోం కాబట్టి ఈ ఉత్తరం. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఈ లాండ్రీకే వస్తాయి. మడతలు పెట్టే కొత్త మెషిన్‌ని ఇక్కడి ఆడవాళ్ళకు అలవాటు చేసి వచ్చేయడమే నా పని. వాళ్ళేమో దాన్ని ముట్టుకోకుండా, వేసుకొచ్చిన కోట్లు దానికి తగిలించుకుంటున్నారు. అందరికన్నా పెద్దావిడని పెద్దక్క అంటారు. "మా చేతులకేం రోగమొచ్చిందమ్మా?" అని మొహం మీదే అడిగేసింది. ఇంతకీ మీరు వంట మొదలుపెట్టారా?

మీ సూపర్‌వైజరమ్మ

ప్రియమైన సూపర్‌వైజరమ్మకి,

వంటా? నా చేతులకు తాళాలు తప్ప ఏం తెలుసు? వీధి చివర బేకరీ ఉంది, ఆ బ్రెడ్డు చాలు నాకు. నువ్వు త్వరగా పని ముగించుకుని రా.

నీ మేస్త్రీ

ప్రియమైన మీకు,

నిన్న ఎవరో కావాలనే దుప్పటిని ఉండచుట్టి మెషిన్‌లో కుక్కారు. అందరి మీదా అరిచాను. ఈవేళ ఒకామె రాలేదు, చేత్తో దుప్పట్లు మడవడానికి పెద్దక్కకు జోడీ లేదు. కోపం దిగమింగుకుని రెండో కొస నేనే పట్టుకున్నాను. మడత మడతకీ ఇద్దరం దగ్గరికొస్తాం కదా, కొసలు చేతికందిస్తుంటే మెల్లగా అంది, "కూతురు మాట్లాడటం మానేసిందమ్మా." తర్వాతి దుప్పటికి ఇంకాస్త చెప్పింది. ఇక్కడ అందరూ మనసులో మాట చెప్పుకునేది అలాగేనట. మెషిన్ దగ్గరైతే ఒక్కొక్కరే నిలబడాలి. వాళ్ళ భయం పని గురించి కాదండీ. నాకేం చేయాలో తోచడం లేదు.

మీ నేను

ప్రియమైన నీకు,

బేకరీ బ్రెడ్డు మొహం మొత్తింది. గుడ్లు ఉడకబెట్టబోయి గిన్నె మాడ్చాను. నీ మీద తెగ కోపం వచ్చింది, గిన్నె తోముతున్నంతసేపూ తిట్టుకున్నాను. రెండోసారి బాగానే ఉడికాయిలే. అవునూ, ఆ మెషిన్‌కి దుప్పటి అందించేది ఒక్కరే ఎందుకు? చెరో కొసా పట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే ఏం పోయింది?

నీ వంటమేస్త్రీ

ప్రియమైన వంటమేస్త్రీగారికి,

మీ మాటే పనికొచ్చింది, మెషిన్ దగ్గర ఇద్దరేసి నిలబడేలా మార్చాను. మొదట నేను టీకి వెళ్ళినప్పుడు దొంగచాటుగా ముట్టుకుని చూశారు. తర్వాత నా ముందే. ఇప్పుడు ఎవరైనా కోటు తగిలిస్తే పెద్దక్కే కయ్యిమంటుంది, "అది మా మెషిన్" అని. అయినా నేను ఇంకొన్నాళ్ళు ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళున్నారు.

మీ సూపర్‌వైజరమ్మ

ప్రియమైన మొండిదానికి,

"ఇంకొన్నాళ్ళు" అని రాయడం ఇది మూడోసారి. మొదట కొత్తవాళ్ళన్నావు, తర్వాత తెగిన బెల్టన్నావు, ఇప్పుడేమో తనిఖీ అంటున్నావు. చూడబోతే వాళ్ళలాగే ఇప్పుడు కోటు తగిలించి తప్పించుకుంటున్నది నువ్వే. నిజం చెప్పు.

నీ మేస్త్రీ

ప్రియమైన మీకు,

నిన్న ఆలస్యంగా వెళ్ళాను. పని చక్కగా సాగిపోతోంది, నేను లేనని ఎవరూ గమనించనే లేదు. సంతోషించాల్సింది పోయి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఇంటికి వద్దామంటే అక్కడా అంతే. మీ ఉత్తరాల నిండా మీరు కాచిన సూపులూ, మీ ఎత్తుకు తగ్గట్టు మార్చుకున్న వంటింటి అలమరలూ. ఇన్నేళ్ళూ అందరికీ కొత్తది అలవాటు చేశాను. నా అవసరం తీరిపోయాక ఎలా ఉండాలో నాకే అలవాటు లేదు. భయంగా ఉందండీ.

మీ నేను

ప్రియమైన నీకు,

అబద్ధమాడను. నువ్వు లేకపోయినా ఇల్లు నడుస్తోంది. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, ఒక్కడినే దుప్పటి మడవడం కూడా వచ్చేసింది. అయినా మన మంచం మీది దుప్పటి ఉతికి, మడవకుండా కుర్చీ మీద వేసి ఉంచాను. నీకు మెల్లగా చెప్పాల్సినవి చాలా పోగయ్యాయి. వచ్చి రెండో కొస పట్టుకో.

నీ మేస్త్రీ