సక్రమంగా వచ్చిన జబ్బు

పర్చూరు, 14-7-2003

గౌరవనీయులైన రక్షిత చెరువు పర్యవేక్షణాధికారి గారికి,

మా చెరువులో పట్టణపు మురుగు కలుస్తున్నదనీ, ఆ నీళ్ళు తాగి నా చెల్లెలు రాగసుధ ఆసుపత్రి పాలైనదనీ విన్నవించాను. తమరు మూడో రోజునే జవాబిచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. 'రక్షిత చెరువులో నీళ్ళు ముంచుకోవడం నిషిద్ధం కనుక, ఆ నీటివల్ల ఎవరికీ జబ్బు చేసే అవకాశం లేదు' అని సెలవిచ్చారు. రాగసుధకు చదివి వినిపించాను. విరేచనాలు మాత్రం ఆగలేదు.

ఆధారం కోసం రెండు చేపలు పట్టి, గుంటూరులో పరీక్ష చేయించడానికి బయలుదేరాను. తమరి కాపలాదారు నాగేంద్రబాబు గట్టుమీదే ఆపాడు.

"ఏందండీ మాస్టారూ, చదువుకున్నోళ్ళు మీరే దొంగతనం చేస్తే ఎట్టాగండీ?" అంటూ నామీద కేసు రాసి, చేపలను స్వాధీనం చేసుకున్నాడు.

వాటిని ఆ చెరువు నీళ్ళలోనే కడిగించి పులుసు పెట్టించుకుని, సరిగా ఉడక్కముందే తిన్నాడు. ప్రస్తుతం రాగసుధకు ఎదురు వార్డులో ఉన్నాడు. నిన్న పలకరిస్తే, "పులుసు బానే కుదిరిందండీ, కడుపే కుదర్లా" అన్నాడు.

ఇద్దరిలోనూ ఉన్నది మురుగులోని బ్యాక్టీరియానేనని డాక్టరు రాసిచ్చారు. ఆ కాగితాలు జతపరిచాను. నా చెల్లెలిది నిబంధనలకు విరుద్ధమైన జబ్బు గనుక తమరు గుర్తించనక్కర్లేదు. నాగేంద్రబాబుది మాత్రం తమరి కార్యాలయం స్వాధీనంలో ఉన్న చేపవల్ల, సక్రమంగా వచ్చిన జబ్బు. కనీసం దాన్ని ఆధారంగా స్వీకరించి మురుగు కాలువ మూయించండి.

ఆదివారం రాగసుధను ఇంటికి పంపిస్తామన్నారు. మా ఊళ్ళో తాగడానికి ఇప్పటికీ ఆ నీళ్ళే ఉన్నాయి.

ఇట్లు,
రాగసుధ అన్న