గోధుమ బీరుకి రెండు ముక్కులు

ప్రియమైన అక్కకి,

పార్సిల్ విప్పగానే సీసాల మీద పడకు, ముందు ఈ ఉత్తరం చదువు. ఫోన్లో చెబుదామంటే "ఊఁ, బాగుంది, ఉంటాను మరి" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవుగా!

అక్కా, బీరు పులియబెట్టే ట్యాంకు వచ్చేసింది! మూతపడ్డ లాండ్రీ ఒకటి అద్దెకి తీసుకున్నానని చెప్పాను కదా, దాని గుమ్మం కంటే ట్యాంకు లావు. మోసుకొచ్చినవాళ్లు దాన్ని వీధిలో దించి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చివరికి మా వడ్రంగి గుమ్మం చట్రం మొత్తం ఊడబెరికి, ట్యాంకు లోపలికెళ్లాక సిమెంటు పోసి మళ్లీ బిగించాడు. "ఇక దీన్ని బయటికి తియ్యాలంటే గోడ పగలగొట్టాల్సిందేనమ్మా" అన్నాడు. "తియ్యనండీ, నేనూ అదీ ఇక్కడే" అన్నాను. పైకి అలా అన్నానే గానీ, రాత్రంతా లెక్కలే రాసుకున్నాను. ఉద్యోగం మానేశాను, గోడకి సున్నం కొట్టించాను, వెనక్కి వెళ్లే దారి లేదు.

అసలు సంగతికి వస్తాను. ట్యాంకు నింపేముందు చిన్న పరీక్ష చేశాను. మొలకెత్తించి ఆరబెట్టిన ఒకే గోధుమ మాల్టు, ఒకే నీళ్లు, ఒకే గంగాళంలో కాచిన రసం. దాన్ని మూడు గాజు జాడీల్లో పోసి మూడు రకాల ఈస్టు వేశాను. తేడా అంతా ఆ చిటికెడు ఈస్టులోనే.

మొదటిది బుద్ధిమంతురాలు. రసంలో తీపంతా తినేసి, అల్లరి చెయ్యకుండా అడుక్కి చేరి పడుకుంది. వాసన చూస్తే బ్రెడ్డు, అంతే. మన పాత కంపెనీలో ఇన్నేళ్లూ మనం కాచింది ఇదే. రెండో జాడీ మూత తీశానో లేదో మగ్గిన అరటిపళ్ల బండి పక్కన నిలబడ్డట్టుంది! నేను అందులో అరటి తొక్క కూడా వెయ్యలేదు. ఈస్టు ఇలా చేస్తుందని పుస్తకంలో చదవడం వేరు, ముక్కుకి తగలడం వేరు. ఎగిరి గంతేశాను. నేల తడిగా ఉంది, జారి మోచెయ్యి కొట్టుకున్నాను, అది వేరే కథ. మూడోది గడుగ్గాయి. ముందు అరటిపండు, వెనకాలే లవంగం, ఆ వెనక ఇంకేదో మిరియపు ఘాటు. పేరు పెట్టలేకపోతున్నాను.

పేరు పెట్టగలిగేది నువ్వే. తెలుసులే, చలికాలం జ్వరం తగ్గింది గానీ ముక్కుకి వాసన తిరిగి రాలేదు. ఒకప్పుడు నీ ముక్కు ఒప్పుకుంటేనే ఏ బీరైనా కంపెనీ గేటు దాటేది. ఆ ముక్కు పోయిందని అన్నీ వదిలేసి బావ ఊరికి వెళ్లిపోయి, బీమా ఆఫీసులో ఫైళ్లు సర్దుతున్నావు. అయినా మూడు సీసాలూ పంపుతున్నాను. తిట్టాలనుకుంటే ఉత్తరంలోనే తిట్టు.

నీ పిడుగు

---

ప్రియమైన పిడుగుకి,

తిడుతున్నాను. ముక్కు లేనిదానికి బీరు పంపి వాసన చెప్పమంటావా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుందే?

సీసాలు మూడు రోజులు బల్ల కిందే ఉన్నాయి. నేను అటు చూడలేదు. మీ బావ బస్సు డ్యూటీ దిగి వచ్చి, నన్నడక్కుండానే మూడు గ్లాసుల్లో పోసి కూర్చున్నారు. "ఇది బ్రెడ్డు. ఇది పళ్ల కొట్టు వెనక సందు. ఇదేమిటోయ్, పళ్ల డాక్టరు గది!" అన్నారు. లవంగ నూనె వాసన ఆయనకి గుర్తుండిపోయింది, పన్ను పీకించుకున్న మనిషి కదా. చాలాకాలానికి ఇంట్లో ఇద్దరం నవ్వాం. అందుకని సగం తిట్లు మాఫీ.

తర్వాత నేనూ తాగాను. నాకు అందేది ఇంతే: పులుపు, తీపి, చేదు, నురుగు. మూడోదాని నురుగు నాలుక మీద మెత్తగా కూర్చుంది, చివర్లో కొంచెం ఒగరుగా పట్టుకుంది. అది బాగుంది. ఆ పైనున్నదంతా నాకు తెల్లగోడ. కాఫీ అంతే, సబ్బు అంతే, వానలో తడిసిన మట్టి కూడా అంతే. దాని గురించి ఇంకెప్పుడూ అడక్కు.

అడగని సలహా మాత్రం ఇస్తాను. మూడోదే పట్టుకో. రెండోది మొదటి గుక్కకి ముద్దొస్తుంది, గ్లాసు సగమయ్యేసరికి మొహం మొత్తుతుంది. మూడోదాన్ని గడుగ్గాయి అన్నావు చూడు, దాన్ని ఎలా పెంచితే అలా పెరుగుతుంది. వెచ్చగా పులియబెడితే అరటిపండు పైకొస్తుంది, కాస్త చల్లగా ఉంచితే లవంగం ముందుకొస్తుంది. లవంగం ఇంకా కావాలంటే, మాల్టు నానబెట్టేటప్పుడు నీళ్లు బాగా వేడెక్కకముందే, గోరువెచ్చన దగ్గర కాసేపు ఆపు. ఈస్టు లవంగంగా మార్చే సరుకు గోధుమలోంచి ఊడి వచ్చేది అప్పుడే. తొందరపడి ఆ మెట్టు దాటెయ్యకు. నీకు తొందరెక్కువ.

ట్యాంకు మూత గట్టిగా బిగించకు, ఈ ఈస్టు పొంగుతుంది.

అక్క

---

ప్రియాతిప్రియమైన మా అక్కగారికి,

పొంగింది! నువ్వు చెప్పావు, నేను విన్నాను, అయినా పొంగింది! గాలి పోయే గొట్టంలోంచి నురుగు తన్నుకొచ్చి బకెట్టు నింపి, బకెట్టు దాటి, నేలంతా పాకి, గుమ్మం కిందనుంచి వీధిలోకి వెళ్లింది. లాండ్రీ అద్దెకిచ్చిన ఇంటావిడ పరుగున వచ్చింది. "లాండ్రీ మళ్లీ తెరిచావా అమ్మాయ్, ఇంత సబ్బు నురగేంటి?" అంది. నేను చీపురు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. బతికున్న ఈస్టు, అక్కా! పొద్దున్న వేస్తే సాయంత్రానికి వీధి చూడ్డానికి బయల్దేరింది!

నువ్వు చెప్పిన గోరువెచ్చటి మెట్టు దగ్గర ఆగాను. గడియారం వైపు చూడకుండా పాటలు పాడుకుంటూ కలుపుతూ కూర్చున్నాను. మూడోదే వేశాను, చల్లగానే ఉంచాను. పొంగు తగ్గగానే ట్యాంకు బాగా చల్లబరిచి, మొదటి సీసాలు పట్టేశాను. రంగు చూడాలి నువ్వు, పొగమంచులో పొద్దు పొడిచినట్టుంటుంది. ఇంటావిడ తాగింది, స్నేహితులు తాగారు, అందరూ బాగుందనే అన్నారు. నేనైతే ట్యాంకు పక్కనే తిండీ, కునుకూ. ఈ గదే నా ఇల్లయిపోయింది.

బోర్డు రాయించాను. వచ్చే శనివారం నా బీరు కొట్టు తెరుస్తున్నాను. వీధిలో అందరికీ చెప్పేశాను, మన పాత కంపెనీ వాళ్లకి కూడా. వాళ్లు కచ్చితంగా వస్తారు, వంక పెట్టడానికైనా వస్తారు. అందుకే అడుగుతున్నాను, నువ్వు రా. వాసన చూడొద్దు, రుచి చూడొద్దు, ఊరికే నా పక్కన నిలబడు. నువ్వు పక్కనుంటే వాళ్ల వంకలకి దీటుగా జవాబు చెబుతాను.

ట్యాంకులోంచి తీసిన మొదటి సీసా ఇది. నీకే.

నీ పిడుగు

---

ఒసేయ్ నా బంగారు పిడుగూ,

నీ బీరు కంపు కొడుతోంది!

చదివావా? మళ్లీ చదువు. కంపు! కొడుతోంది! నేల మీద కూర్చునే రాస్తున్నాను, అక్షరాలు ఇలా వంకరపోతున్నాయి, క్షమించు.

సింకు దగ్గర నిలబడి మూత తీశాను. అలవాటు కొద్దీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టాను. ఎవరో అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ పెట్టాను. ఈసారి కుళ్లిన కోడిగుడ్డు. సాక్షాత్తూ కుళ్లిన కోడిగుడ్డే! కింద కూర్చుండిపోయి ఏడ్చేశాను. చెయ్యి కోసుకున్నానేమోనని మీ బావ పరిగెత్తుకొచ్చారు.

"ఏమైంది?"

"కంపండీ!"

"ఎక్కడ?"

"బీర్లో!"

"దానికి ఏడుస్తావెందుకు, పారబోస్తే పోయె!"

"మీకు అర్థం కావట్లా, నాకు కంపు కొడుతోంది!"

అప్పుడు అర్థమై ఆయనా నా పక్కన నేల మీదే కూర్చున్నారు. పారబొయ్యలేదు. ఇద్దరం ఆ గ్లాసు మధ్యలో పెట్టుకుని, దేశంలో ఎవరూ చూడని సంబరం చేసుకున్నాం.

ఇప్పుడు జాగ్రత్తగా విను. తిరిగొచ్చే ముక్కు మొదట్లో అబద్ధాలు చెబుతుందని డాక్టరు ముందే అన్నాడు. మంచి వాసన కూడా కుళ్లుగా తగలొచ్చట. కాబట్టి ఈ కంపు నీ బీరుదా, నా ముక్కుదా, నాకు తెలీదు. మీ బావని చూడమందామంటే ఆయనకి జలుబు, ముక్కు దిబ్బడ. నువ్వేమో ఆ గదిలోనే తిని, ఆ గదిలోనే పడుకుంటున్నావు. ఏ వాసనైనా రోజంతా పీలిస్తే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కంపెనీలో ప్రతి పరీక్షకీ ముందు నేను బయట తిరిగొచ్చేది అందుకే.

నా మాట నమ్మొద్దు. నమ్మకుండానూ ఉండొద్దు. ఆ గదికి అలవాటు పడని ముక్కు ఒకటి పట్టుకో. శనివారం లోపలే.

కంపు తగిలిన మీ అక్క

---

ప్రియమైన అక్కా,

నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం మొదటి వరుస చదివి కాగితం ఉండ చుట్టేశాను. రెండో వరుసకి రావడానికి చాలాసేపు పట్టింది. చదివాక, నీ ముక్కు వచ్చినందుకు ఎగరాలో, నా బీరు పోయినందుకు ఏడవాలో తెలీక గదిలో గిరగిరా తిరిగాను. ఎన్నిసార్లు వాసన చూసినా నాకు లవంగమే. నీ ముక్కే అబద్ధం చెబుతోందని మనసులో గట్టిగా అనుకున్నాను. నువ్వు బాగుపడ్డావని సంబరపడుతూనే, ఆ బాగుపడ్డ ముక్కు తప్పు కావాలని కోరుకున్నాను చూడు. ఎంత పాడుబుద్ధో.

అంతలో వడ్రంగి వచ్చాడు. వేరే ఊళ్లో పని చూసుకుని, కౌంటరు బల్ల బిగించడానికి. ఏమీ చెప్పకుండా గ్లాసు చేతికిచ్చాను. నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు.

"గుడ్లు ఉడకబెట్టి మర్చిపోయారేంటమ్మా?"

"బాగాలేదా?"

"అబ్బే, బాగుంటుందేమో. గుడ్డు ఇష్టమైనవాళ్లకి."

ఇంటావిడని పిలిచి నిలదీశాను. "కొత్త రకం కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నానమ్మా. ఎంత ఆశగా చూస్తున్నావో, ఎలా చెప్పను?" అంది. స్నేహితులదీ అదే పాట.

తలుపులు బార్లా తెరిచి, పార్కుకి వెళ్లి చాలాసేపు బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చాను. గుమ్మంలోనే తగిలింది అక్కా. నువ్వు చెప్పినట్టే. ముందు అగ్గిపుల్ల, తర్వాత గుడ్డు.

తప్పు ఈస్టుది కాదు, నాది. ఈ గడుగ్గాయి పులిసేటప్పుడు గంధకపు వాసన వదులుతుంది, కాస్త టైమిస్తే దాన్ని తనే సర్దుకుంటుంది. నేను ఆ పని మధ్యలోనే ఐసులాంటి చలి పెట్టి దాన్ని పడుకోబెట్టేశాను. ట్యాంకు మళ్లీ వెచ్చబెట్టాను, గాలి గొట్టం తెరిచి ఉంచాను, దణ్ణం పెట్టి ఊరుకున్నాను. బోర్డు మీద శనివారం అన్న చోట ఒక కాగితం అంటించాను: "ఈస్టుకి ఇంకా పనుంది. దయచేసి ఆగండి." వీధిలో అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు దారినపోయే ప్రతివాళ్లూ తలుపులోంచి తొంగిచూసి "ఏమ్మా, ఈస్టు పనయిందా?" అని అడగడమే. పాత కంపెనీ పెద్దాయన కూడా వచ్చి ఆ కాగితం చదివి, "ఇది మీ అక్క మాటలా ఉందే" అని వెళ్లాడు.

పనయిందక్కా! రోజూ పార్కుకి వెళ్లొచ్చి మరీ చూశాను. గంధకం రోజురోజుకీ పలచబడి, ఇవాళ పొద్దున అసలు లేదు. అది పోయాక వెనకున్నవాళ్లంతా ముందుకొచ్చారు. లవంగం ఎంత శుభ్రంగా ఉందో! అరటిపండు దాని పక్కన సిగ్గుపడుతూ నిలబడింది. వడ్రంగి ఒక గ్లాసు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఇంకోటి అడిగాడు.

ఈ సీసా అదే. ఈసారి నా పక్కన ఊరికే నిలబడమని అడగను. ప్రతి ట్యాంకుకీ నీ ముక్కు ఒప్పుకోవాలి. అది ఉద్యోగం. వస్తావా?

నీ పిడుగు

---

ప్రియమైన పిడుగుకి,

నీ సీసా ఆఫీసుకి తీసుకెళ్లాను. మధ్యాహ్నం భోజనాల గదిలో, ఫైళ్ల మనుషులందరూ చూస్తుండగా మూత తీశాను. బయట మెట్ల మీద కాసేపు గాలి పీల్చి వచ్చి మరీ ముక్కు పెట్టాను. గుడ్డు లేదు. అగ్గిపుల్ల లేదు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ తెల్లగోడే అనుకుని సీసా పక్కన పెట్టబోయాను. అప్పుడు, నెమ్మదిగా, లవంగం. సన్నగా, చాలా దూరంగా, కానీ లవంగమే. పొరపడలేదు, పక్కబల్ల అమ్మాయి కూడా అదే అంది.

అరటిపండు మాత్రం నాకు ఇంకా అందలేదు. ఎంత వెతికినా లేదు. కాబట్టి ముందే చెబుతున్నాను, నీ దగ్గరికి వచ్చేది పూర్తి ముక్కు కాదు. కంపూ, లవంగం నేను చూస్తాను. అరటిపండు నువ్వు చూడాలి, అదీ పార్కుకి వెళ్లొచ్చాక. ఆ గదిలో పడుకోవడం ఇవాళ్టితో బంద్. ఇది నా మొదటి షరతు. ఇంకా చాలా ఉన్నాయి, వచ్చి చెబుతాను.

ఆఫీసులో రాజీనామా ఇచ్చేశాను. ఇంటికొచ్చి మీ బావకి ఎలా చెప్పాలా అని నసుగుతుంటే, ఆయన చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. మీ ఊరి డిపోకి బదిలీ. నీ మొదటి మూడు సీసాలు వచ్చిన వారంలోనే అర్జీ పెట్టుకున్నారట. "అప్పటికి నాకు ముక్కే లేదు కదండీ!" అన్నాను. "ముక్కు లేకపోయినా, మూడు గ్లాసుల్లో ఏది పట్టుకోవాలో చెల్లెలికి రెండు పేజీలు రాశావుగా. ఇంకెక్కడుంటావు నువ్వు?" అన్నారు. ఈ మనిషికి జలుబే గానీ, తెలివికి లోటు లేదు.

ఆయన నెలాఖరుకి వస్తారు. ఈ ఉత్తరం మీ బావ ఇవాళ రాత్రి బస్సు వాళ్ల చేత పంపుతున్నారు, నేను రేపు పొద్దున్న బస్సుకే బయల్దేరుతున్నాను. స్టాండుకి రాకు. తలుపులన్నీ తెరిచి, ఒక గ్లాసు పోసి కౌంటరు మీద పెట్టి, నువ్వు వీధిలోకి వెళ్లిపో. దిగగానే ముందు నేనూ, ఆ గ్లాసూ. కౌగిలింతలూ, కబుర్లూ, ఏడుపులూ అన్నీ ఆ తర్వాతే. నేను గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపితే నీ బోర్డు మీద కాగితం పీకెయ్.

ఊపకపోతే నోరు మూసుకుని ట్యాంకు దగ్గరికి పద.

మీ అక్క