పింజర మందు

వడోద్, సూరత్
ఆగస్టు 2021

అవ్వకు నీ బిడ్డ భాగీరథి దండం పెట్టి రాసేది. మేమందరం ప్రాణాలతో ఉన్నాం. ఈ రోజుల్లో క్షేమమంటే అంతే. ఫోన్లో చెబితే మధ్యలోనే ఏడ్చి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడు వినోద్ ఒక్క ముక్క మింగకుండా చదివి వినిపించాలి.

అల్లుడు అన్నం సరిగా తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు, సాంచాల మీద గుడ్డ నేయడానికి మళ్లీ పోతున్నాడు. నీ మనవరాలు హారతికి ఫోన్లోనే బడి. ఉన్న ఒక్క ఫోన్ కోసం ఇంట్లో రోజూ కొట్లాటే. నాగుల పంచమికి పుట్టలో పాలు పోశానని, నాగన్నే అల్లుణ్ణి కాపాడాడని మురిసిపోయావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతోంది.

కరోనా తగ్గాక ఆయనకు గుండె పట్టేసింది కదా. గుండె నరంలో రక్తం గడ్డకట్టిందని, పింజర పాము విషంలోని ఒక ప్రోటీన్‌ను చూసి తయారుచేసిన మందు ఎక్కిస్తే గడ్డ పెరగదని డాక్టరమ్మ చెప్పింది. "మీ నాయనను మింగిన విషం అల్లునికి ఎక్కిస్తవా? అద్దను!" అని నువ్వు ఫోన్లో శోకం పెట్టావు. మంచం మీద ఆయనదీ అదే పాట. "నాగన్నకు మొక్కేటోళ్లం. నాకద్దు."

నాకేమో నాయన చిగుళ్లలోంచి ఆగకుండా కారిన రక్తం గుర్తొచ్చింది. పింజర కరిచాక నాయన రక్తం గడ్డకట్టనే లేదు. అదే గుణాన్ని కొలిచి ఇస్తే మనిషి బతుకుతాడంటే నమ్మబుద్ధయింది. సరేనని సంతకం పెట్టాను. మీ ఇద్దరికీ మాత్రం వద్దన్నానని చెప్పాను. ఆ మందుతోనే ఆయన బతికాడు.

అబద్ధం ఇంట్లోనే ఉంటే బాగుండేది. ఆయన కార్ఖానా అంతా చాటాడు: "విషం మందు అద్దన్న. సూడు, గట్టిగ లేనా?" పోయిన వారం పక్క గదిలోని దేవదాస్‌కూ అదే నొప్పి వచ్చింది. అతని భార్య పద్మారాణి ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "అన్నా, గదే మందు అంటున్రు. ఏం జెయ్యమంటవ్?"

"అద్దను, చెల్లె" అన్నాడు ఈయన.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, అన్నీ విన్నాను. నోరు తెరవలేదు. సాయంత్రానికి దేవదాస్ లేడు.

నిన్నూ తిట్టుకుంటున్నాను అవ్వా, ఆయన్నీ తిట్టుకుంటున్నాను. మీరంత భయపెట్టకపోతే అబద్ధమాడేదాన్ని కాదు. కానీ ఆ పూట మూసుకున్న నోరు నాదే.

ఈ పొద్దున ఆయనకు అంతా చెప్పేశాను. కొట్టలేదు, తిట్టలేదు. "దేవదాస్ బతికున్నప్పుడు ఎందుకు జెప్పలేదే?" అన్నాడు. చొక్కా తొడుక్కుని పద్మారాణి గడప దాకా పోయాడు. లోపలికి పోయే ధైర్యం లేక ఇంకా బయటే కూర్చున్నాడు. నేనూ పోతున్నాను. ఆమెకు చెప్పాల్సింది ఆయన కాదు.

ఇట్లు,
నీ బిడ్డ
భాగీరథి