ఇంజన్ ఎనకుంది

జనవరి 22, బుధవారం

కారు వచ్చింది. వచ్చింది అనకూడదు, మోసుకొచ్చారు. క్రేన్ దింపుతుంటే వెనక నుంచి నల్లటి పొడి రాలింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పోయిన మార్చిలో మెండోర అవతల హైవే మీద కాలిపోయింది. ఇన్సూరెన్స్ వేలంలో నేనే పట్టుపట్టి పాడుకున్నాను. పెర్కిట్ రోడ్డులో ఇన్ని సెకండ్ హ్యాండ్ స్పేర్ పార్ట్స్ షాపులు ఉన్నాయి కదా, ఇలాంటి కారును విప్పింది ఎస్తేరు ఒక్కతే అనిపించుకోవాలని నా యావ.

తమ్ముడు దయానంద్ షెడ్డు వైపు రాలేదు. ఈ కారును ఆర్పబోయింది వాడే.

జనవరి 23, గురువారం

ఎవరూ అడగకపోయినా రాసి పెట్టుకుంటాను. ఆ రోజు వాడు పసుపు ఉడికించే చోటికి నీళ్ల ట్రాక్టరు తోలుకుపోతున్నాడు. దారిలో ఈ కారు మండుతోంది. అందులోని ఇద్దరూ అప్పటికే దిగి దూరంగా నిలబడ్డారు. వీడు ట్యాంకర్ పైపు లాగి, ముందు బానెట్ మీద నీళ్లు కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. ఆ కారుకు ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది. మంట అక్కడ, మావాడు ఇక్కడ. ఎవడో వీడియో తీస్తూ, ఎనకకు రా బై, ఇంజన్ ఎనకుంది అని అరుస్తూ నవ్వుతున్నాడు. ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది.

అప్పటి నుంచి వాడి పేరు 'ఎనక దయానంద్'. మార్కెట్ యార్డులో ట్రాక్టరు రివర్స్ చేస్తే చాలు, హమాలీలు ఈలలు వేసేవారు. వాడు తాళంచెవి మేకుకు తగిలించి మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు మళ్లీ పసుపు ఉడికించే రోజులొచ్చాయి. రైతులు ఫోన్లు చేస్తుంటే ఫోన్ బోర్లా పెడుతున్నాడు. ఈ సీజన్ కూడా తోలకపోతే ఇక ఎప్పటికీ తోలడు. నాకు భయంగా ఉంది.

జనవరి 25, శనివారం

పొద్దంతా ఒక్క బోల్టు. అదీ విరిగింది.

జనవరి 27, సోమవారం

ఛీ, ఏం కారు ఇది! వైరింగ్ అంతా కలిసి ఒకే ముద్ద అయింది. సెన్సర్లు కరిగి మళ్లీ గట్టిపడ్డాయి, ఏది ఏదో తెలియదు. నా మెకానిక్ అజీమ్ మామూలుగా పాటలు పాడుకుంటూ పని చేస్తాడు. ఇవాళ పాట లేదు.

గేర్‌బాక్స్ మీద ఆశ పెట్టుకున్నాను. పైకి బాగానే ఉంది. అజీమ్ సుత్తితో తట్టాడు. మంచి కేసింగ్ అయితే ఖంగుమంటుంది. ఇది పగిలిన కుండలా పలికింది. మంటకు మెత్తగైందక్కా, పైకి మంచిగనే కనవడ్తది గని లోపల ఖతం అన్నాడు. ఇంకోసారి కొట్టు అన్నాను. కొట్టాడు. అదే సౌండు.

ఇంజన్ కావాలన్న హైదరాబాద్ అతనికి ఫోటోలు పంపాను. దండం ఎమోజీ పెట్టాడు. అంతే.

జనవరి 29, బుధవారం, రాత్రి భోజనాలయ్యాక

భోజనాలు కాలేదు నిజానికి. ఇంజన్ హెడ్ కూడా వంకరపోయిందని తేలింది ఇవాళ. ఆ మంట కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను. దయానంద్ ఎదురుగా కూర్చుని తింటున్నాడు. నాలుగడుగులు ఎనకకు పోతే నీదేం పోవురా, ఇంజన్ దక్కేది గదా అన్నాను.

వాడు చెయ్యి కడుక్కున్నాడు. పళ్లెంలో అన్నం అలాగే ఉంది. ఊరంతా అన్నది ఒకెత్తు, నేనన్నది ఒకెత్తు. అంటున్నప్పుడే తెలుసు నాకు. అయినా ఆగలేదు. నా నోరు పడిపోను.

జనవరి 30

వాడు పళ్లెం పట్టుకుని బయట అరుగు మీదకు పోయి తిన్నాడు.

ఫిబ్రవరి 1, శనివారం

వెనక భాగం మొహం చూడబుద్ధి కాలేదు. స్పానర్ తీసుకుని ముందుకు పోయాను, కోపం తీర్చుకోవడానికే. మొదటి బోల్టు తిరిగింది. రెండోదీ తిరిగింది. నాకే నమ్మకం కలగలేదు, అజీమ్‌ను కేకేశాను.

బానెట్ కింద సామాను పెట్టుకునే తొట్టి ఉంది. దాని కార్పెట్ కూడా మాడలేదు, నీటి మరకలు మాత్రం ఉన్నాయి. స్టీరింగ్ ర్యాక్ బాగుంది. ముందు బ్రేకులు, సస్పెన్షన్, రేడియేటర్లు, ఒక హెడ్‌లైట్, అన్నీ బాగున్నాయి. అజీమ్ సుత్తితో తట్టాడు. ఖంగుమంది. నవ్వుకుంటూ పక్కది తట్టాడు, దాని పక్కది తట్టాడు.

సీట్ల దగ్గర గీత గీసినట్టే ఉంది. అటు బొగ్గు, ఇటు రంగు. గీడిదాంక దయానంద్ నీళ్లు వచ్చినయక్కా అన్నాడు అజీమ్. మరి వెనక కొట్టి ఉంటే అని అడిగాను. పెట్రోల్ మంటక్కా, ఒక్క ట్యాంకర్‌కు ఏడ ఆగుతది, ఇంజనూ దక్కకపోవు, ముందల గిదంత గూడ పోతుండె అన్నాడు.

అక్కడే టైరు మీద కూర్చుండిపోయాను. ఇన్ని నెలలు ఎంత నవ్వారు వాడిని చూసి! నేను నవ్వలేదు. నవ్వినా బాగుండేది, అంతకన్నా పెద్ద మాట అన్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చి నుంచి రాగానే వాడిని చెయ్యి పట్టి షెడ్డుకు లాక్కొచ్చాను. చేతిలో సుత్తి పెట్టాను. అజీమ్ చూపించినచోటల్లా తట్టాడు. చాలాసేపు తట్టాడు.

తర్వాత పగిలిన రెండో హెడ్‌లైట్ చూపించి, ఇదెందుకు పలిగింది అని అడిగాడు. వేడి మీద సల్లటి నీళ్లు వడితె పల్గుతది అన్నాడు అజీమ్. నేను మొదలు కొట్టింది దాని మీదనే అన్నాడు దయానంద్.

తప్పయిందిరా అన్నాను. వాడు బంపర్ వెనక వేలాడుతున్న హారన్ పట్టుకుని, ఇది మోగుతదా అక్కా అని అడిగాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం

హైదరాబాద్ అతనికి ముందు భాగాలన్నీ కావాలట. ప్యాక్ చేస్తుంటే హారన్ కనబడలేదు. అజీమ్‌ను తిట్టాను. ఇంటికొచ్చి చూస్తే మేకుకు తాళంచెవి కూడా లేదు.

ఫిబ్రవరి 6

యార్డు గేటు దగ్గర హమాలీలు మళ్లీ 'ఎనక' అని అరిచారట. మా నీళ్ల ట్రాక్టరు స్పోర్ట్స్ కారు గొంతుతో జవాబిచ్చిందట.

ఇప్పుడు షెడ్డు ముందు నుంచి పోతోంది. తొంగి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. ఊరికే హారన్ కొడుతున్నాడు.