వెనక పన్ను

2023 ఏప్రిల్ 9, బర్ దుబాయ్
ఇడ్లీ కూడా ఎడమవైపే నములుతున్నాను. చివరికి క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, వేరు గట్టిగానే ఉంది, రూట్ కెనాల్ చేస్తే ఈ పన్ను బతుకుతుంది అంది. నా ఇన్సూరెన్స్‌లో పళ్ళు లేవు.

ఇక్కడి ఖర్చులో ఐదో వంతుకి రాజమండ్రిలో అయిపోతుందన్నాడు బాబాయి. వాళ్ళింట్లో ఉంటూ ఎదురు చెప్పడం ఎలా? జూన్‌లో ఎలాగూ అందరం వెళ్తున్నాంగా, అప్పటిదాకా ఓర్చుకో అమ్మలూ అన్నాడు. వాసంతి పిన్ని నవ్వింది. దుబాయ్‌లో మనవాళ్ళ పళ్ళు లీవ్ శాంక్షనయ్యాకే పుచ్చాలట.

ఏప్రిల్ 30
మాత్రలు. లవంగ నూనె. మాత్రలు.

మే 22
ఆఫీసులో అఖీల్ భాయ్ కూడా అంతే. ఏటా సెలవుకెళ్ళి కోళికోడ్‌లో ఓ పన్ను చూపించుకుంటాడు. సబర్ కరో బెహెన్, ఓపిక పట్టు అన్నాడు, తన బుగ్గ పట్టుకుని.

జూన్ 14, రాజమండ్రి
డాక్టర్ మురళీ మా బాబాయికి క్లాస్‌మేట్. మూడు సిట్టింగులు, వారానికొకటి అన్నాడు. నాకు పంతొమ్మిది రోజులున్నాయి. సరిపోతాయి. పన్ను దక్కుతుంది. చాలా రోజులకి సంతోషంగా ఉంది.

జూన్ 15, సాయంత్రం 6
పీకేశారు.

జూన్ 16
నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

ఇంజెక్షన్ ఇచ్చారు. నోటినిండా దూది కుక్కారు. అప్పుడు బాబాయి ఫోన్. డాక్టర్ స్పీకర్‌లో పెట్టి, సిట్టింగుల మధ్యలో కాస్త వాపు రావచ్చురా అన్నాడు. అంతే. ఒరేయ్ మురళీ, ఇరవై నాలుగున మావాడి నిశ్చితార్థం, పిల్ల బూరెలాంటి బుగ్గేసుకుని ఫొటోల్లో నించుంటుందా? వెనక పన్నేగా, ఎవడు చూడొచ్చాడు, పీకి పారెయ్ అన్నాడు బాబాయి. అదీ నిజమేలే అన్నాడు డాక్టర్.

అమ్మ కుర్చీ పక్కనే ఉంది. బాబాయి చెప్పారుగా, కానివ్వండి అంది.

కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు నేర్పింది ఒకటే. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. ఎత్తాను. నర్సు ఆ చెయ్యి పట్టుకుని, భయపడకమ్మా అని నిమిరింది.

భయం కాదు. భయం కాదని ఎలా చెప్పను?

పన్ను ట్రేలో పడిన చప్పుడు విన్నాను. పుచ్చు ఒక మూలే ఉంది. మిగతాదంతా తెల్లగా ఉంది. వేర్లు నిక్షేపంలా ఉన్నాయి.

జూన్ 24, కాకినాడ
బాబాయి కొడుకు చరణ్‌తేజ్ నిశ్చితార్థం. చూశావా, వాపే లేదు, మొహం ఎంత బావుందో అంది పిన్ని. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నవ్వలేదు. అక్కకి సిగ్గెక్కువ అని చరణ్ అందరికీ చెప్పాడు.

జూలై 7, బర్ దుబాయ్
శుక్రవారం. బాబాయి ఫ్రెండ్స్ భోజనానికొచ్చారు. నా పన్ను కథ నా ముందే చెప్పాడు. మూడు సిట్టింగులన్నాడండీ, మనం ఒక్క ఫోన్ కొట్టాం, ఖలాస్. వాళ్ళు డాక్టర్ నంబర్ అడిగి రాసుకున్నారు. పులుసు గరిటె నా చేతిలో ఉంది. వడ్డించాను. అందరికీ వడ్డించాను.

ఇరవై ఆరేళ్ళు నాకు. పొద్దుటినుంచీ సాయంత్రందాకా ఆఫీసులో ఇతరుల కాంట్రాక్టులు చదివి తప్పులు పడతాను. పన్ను పీకిన రోజు ఒక్కరూ సంతకం పెట్టమని నా చేతికి కాగితమివ్వలేదు. నేనూ అడగలేదు. బాబాయి మీద కోపం. అమ్మ మీద ఇంకా కోపం. అన్నిటికంటే ఆ ఎత్తిన చెయ్యి మీద. ట్రే తోసేయొచ్చుగా. లేచి వెళ్ళిపోవచ్చుగా.

సెప్టెంబర్ 17
పక్క పన్ను నొప్పి మొదలైంది. పిన్నితో అన్నాను. బాబాయి హాల్లోంచే, వచ్చే జూన్‌లో మురళీకి చూపిద్దాంలే అన్నాడు. టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు.

సెప్టెంబర్ 23, షార్జా, ఉదయం 10
కొత్త క్లినిక్. ఎవరికీ చెప్పలేదు. కన్సెంట్ ఫారం నాలుగు పేజీలు. రెండుసార్లు చదివాను. రిసెప్షన్ అమ్మాయి పెన్ను చేతిలో పెట్టి, అందరూ ఊరికే సంతకం పెట్టేస్తారు మేడమ్ అంది.

మూడోసారి మొదలుపెట్టాను.