నరకడానికి గుర్తు పెట్టిన నాలుగో వరుస

సాలిహాకు,

నీ పెనిమిటి తిజానీ సలాములతో రాస్తున్నది. నెఫ్తాలో మేమంతా బాగున్నాం. మేక కూడా బాగుంది, నీకంటే పొగరుగా. పట్నం ఆసుపత్రిలో నీ కంటి కట్టు విప్పారని విని ప్రాణం కుదుటపడింది. మాత్రలు వేసుకుంటున్నావా అన్నావు, వేసుకుంటున్నాను. మన అమ్మాయి దొర్సాఫ్ కుస్కుస్‌లో ఉప్పు తక్కువ వేస్తోంది, అయినా తింటున్నాను. నీ ఖర్జూరపు చెట్లు ఎలా ఉన్నాయన్నావు. నిలబడి ఉన్నాయి! ఆ మాట రాస్తుంటే ఈ ముసలి చేతికి ఎంత గర్వమో నీకు తెలియదు.

కిందటి ఉత్తరాల్లో అవి క్షేమమని రాశానే, అప్పటికే వాటి మొదళ్ళకు ఎర్ర రంగు పూసి ఉంది, నరకడానికి. ఇన్నాళ్ళూ ఉత్తరాలు నీకు చదివి వినిపించింది మీ తమ్ముడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పచ్చి కళ్ళతో నువ్వు ఏడవకూడదని దాచాను.

సంగతి ఇది. అన్నిటికంటే తక్కువ కాసే వరుసను కొట్టేసి పిలకలు నాటాలని తోట సంఘం తీర్మానించింది. కొత్త బావి పడకముందు ఎండిపోయిన మూడేళ్ళను లెక్కలోంచి తీసేయాలని అందరం ఒప్పుకున్నాం. సంఘం దిగుబడుల కాగితం చూసి లెక్క కట్టింది మన దొర్సాఫే, తాను చదివిన గణాంకాల కంప్యూటరు భాషలో. చెట్ల వరుసలు అడ్డంగా, ఏళ్ళు నిలువుగా. చివరికి మీ నాన్న నీకిచ్చిన నాలుగో వరుస అట్టడుగున తేలింది.

"ఏం చేస్తాం హాజీ, ఆ చెట్లకు వయసైపోయింది. రంపాలు గురువారం వస్తాయి" అన్నాడు సంఘం పెద్ద లజ్‌హర్.

"వయసు నీకూ అయింది. ముందు నిన్ను కొట్టించమంటావా?" అన్నాను.

ఇంటికొచ్చి దొర్సాఫ్ మీద విరుచుకుపడ్డాను. "పోయిన కోతకు గెలల బరువు ఆగక గుంజలు పెట్టాం కదే! నీ యంత్రానికి కళ్ళు లేవా?"

"అరవకు బాబా. ఆ వరుస ఒక్కటే తెరిచి చూస్తా." చదరపు బ్రాకెట్టులో నాలుగు కొట్టి, కామా పెట్టి ఊరుకుంది. ఆ వరుసలో మిగిలిన ఏళ్ళన్నీ తెర మీద పడ్డాయి. పోయిన కోత లేదు!

ఇక ఈ మాట రాయడానికి కలం మొరాయిస్తోంది సాలిహా.

"బాబా, తీసేయాల్సిన ఏళ్ళు ఏవంటే మొదటి మూడు అన్నావు కదూ?"

"అన్నాను. మొదటి మూడే."

"ఎటునుంచి?"

"ఎటునుంచేమిటే? కుడి నుంచి! అరబీ కాగితాన్ని ఎవడైనా ఎడమ నుంచి చదువుతాడా?"

దొర్సాఫ్ తల పట్టుకుని నవ్వింది. కాగితం ఎలా ఉందో అలాగే ఎక్కించిందట. పాత ఏడాది కుడి చివర, కొత్త ఏడాది ఎడమ చివర. ఆ యంత్రం నిలువు వరుసల్ని ఎడమ నుంచి లెక్కపెడుతుంది. నా మాట నమ్మి మొదటి మూడింటికి, తీసేయమని, మైనస్ గుర్తు పెట్టింది. అది ఎండిన ఏళ్ళను అట్టేపెట్టి, బావి నీళ్ళు తాగి విరగకాసిన మూడేళ్ళను బయట పారేసింది. కాలువ చివరి చెట్లు నీవి. ఎండకు ఎక్కువ మాడినవీ అవే, కొత్త నీటికి ఎక్కువ పుంజుకున్నవీ అవే.

"తప్పు నాదేనని చెప్పేస్తాలే బాబా. నేను సరిచూసుకోవాల్సింది" అంది.

నా కూతురు తలదించుకుంటే నేను తలెత్తుకు తిరుగుతానా? బుధవారం నమాజు అయ్యాక సంఘం ముందు లేచాను. "కుడి ఎడమలు తెలియని నోరు నాది. పిల్ల లెక్కకు వంక లేదు" అన్నాను.

"హాజీ తప్పు ఒప్పుకున్నాడు! గొడుగులు తీయండర్రా, ఈ ఎడారిలో వాన పడేట్టుంది!" అని లజ్‌హర్ అరిచాడు. మసీదు వాకిలంతా నవ్వు. నేనూ నవ్వాను.

అక్కడే దొర్సాఫ్ మళ్ళీ లెక్క తీసింది. నీ వరుస పైనుంచి రెండోది. అడుగున పడింది లజ్‌హర్ వరుస. పాపం, గురువారం వచ్చిన రంపాలవాళ్ళు ఊరికే తిరిగిపోలేదు.

రంగు నేనే గీకాను. పూర్తిగా పోలేదు. నువ్వొచ్చి నీ కళ్ళతో చూసి, ఇంత దాచినందుకు కడుపారా తిట్టు. చెట్ల నీడలోనే కూర్చుని వింటాను.

ఇట్లు,
నీ పెనిమిటి,
దొర్సాఫ్ తండ్రి తిజానీ