వంశపటంలో మన ఇల్లు

తిరుపతి,
12 ఆగస్టు 1979

జయరామ్ మామకు,

నీకు కోపం వస్తే రానీ, నాకొచ్చినంత రాదులే. నిన్న అమ్మ హాస్టల్‌కు వచ్చి, వరండాలో పదిమంది ఆడపిల్లల ముందర నా పెళ్లి ఖాయం చేసి పోయింది. "మీ మామ నిన్ను తప్ప ఎవుర్నీ చేసుకోనంటా ఉండాడు. కార్తీకంలోనే పెండ్లి" అన్నది. నన్నడిగిన వాళ్లే లేరు!

నేనిక్కడ చదివేది శారీరక మానవశాస్త్రం. తలలు కొలుస్తాను, నెత్తుటి గ్రూపులు చూస్తాను, వంశపటాలు గీస్తాను. మగవాళ్లకు ముక్కోణం, ఆడవాళ్లకు సున్న, పెళ్లికి ఒక గీత, దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. ఏర్పేడు చుట్టుపక్కల పల్లెల్లో ఆరునెలలుగా మేనరికాల లెక్క రాస్తున్నాను. పోయిన వారం మన ఇంటి పటం గీశాను. నాయన అమ్మకు సొంత మేనమామ కదా, జంట గీత పెట్టాను. దాని కింద చెల్లెలు నాగులమ్మ. పుట్టుచెవుడు ఉన్నవాళ్ల సున్నను నల్లగా నింపాలి. చేయి రాలేదు మామా.

కడుపుతో ఉన్నప్పుడు పాముపుట్ట తవ్వినందుకే బిడ్డ చెవిటిదైందని అమ్మ పదహారేళ్లుగా తననే తిట్టుకుంటోంది. పెద్దల నుంచి దాగి వచ్చే లోపాలుంటాయి. అలాంటిదొకటి తల్లిదండ్రులిద్దరిలోనూ ఉంటే బిడ్డలో బయటపడవచ్చు. దగ్గరి బంధువులైతే ఆ భయం ఎక్కువ. అందరు బిడ్డలకూ రాదు, నాకు రాలేదు. ఇది చెప్పబోతే, "నాలుగక్షరాలు రాంగానే కన్నతల్లికే శాస్త్రం చెప్తావా!" అని విసురుగా లేచిపోయింది.

నేను నిన్ను చేసుకోను. చదువు మానిపించినా సరే. నన్నెత్తుకుని తిప్పిన వాడివి గనక ఈ మాట నీకే రాస్తున్నాను.

పంకజాక్షి

చిత్తూరు,
20 ఆగస్టు

చిరంజీవి పంకజానికి,

నీ ఉత్తరం బెల్లం మండీలో నిలబడే చదివి, అటే బస్సెక్కి కార్వేటినగరంలో అక్క దగ్గరికి పోయాను. నేను పట్టుబట్టానని చెప్పిందా అక్క? నాతో ఏమన్నదో తెలుసా? "పంకజం నీకోసరం ఏడస్తా ఉండాదిరా. కాదంటే బాయిలో పడతాది" అన్నది. ఆ భయంతోనే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పటి నుంచి నాకు కూడు సయించలేదు.

నిలదీస్తే మొదట మొహం తిప్పుకుంది. తర్వాత ఏడ్చింది. "మా తరవాత నాగులమ్మని ఎవురు సూస్తారురా? పంకజాన్ని బయటోడికి ఇస్తే, దీన్ని గడప తొక్కనిస్తాడా? నువ్వైతే సాకుతావని..."

"సాకుతానక్కా. దానికి పంకజాన్ని కట్టుకోవాల్నా?" అన్నాను. ఈ పెళ్లి జరగదని మీ నాయన ముందరే చెప్పేశాను.

పుట్ట సంగతి కూడా, నువ్వు రాసింది నాకు అర్థమైనంత చెప్పాను. అక్క "అయితే నా తప్పు కాదా?" అన్నది. కాదన్నాను. నమ్మక మళ్లీ అడిగింది. బస్సు దాకా వచ్చి మళ్లీ అడిగింది.

కోపం పక్కన పెట్టి ఈ ఆదివారం రా. ఆ మాట అక్కకు నువ్వు చెప్పాలి.

నీ మామ,
జయరామ్